పదహారు ముక్కల డౌన్‌లోడ్

మీ దగ్గర దాపరికం దేనికి, మా చిన్నాన్న కూతురు చిట్టికి జలుబు చేసిందని తెలిసినా చాలు, ఆ పూట నాకు ఆకలి బాగా వేస్తుంది. ఇద్దరం ఒకే కాలేజీలో ఒకే కంప్యూటర్ చదువు వెలగబెట్టాం. ఇద్దరికీ ఉద్యోగం లేదు. అయినా చుట్టాలు దాన్ని "పాపం, ప్రయత్నిస్తోంది" అంటారు. నన్ను మాత్రం "ఖాళీగా ఉంది" అంటారు.

అమ్మకి ఎంబ్రాయిడరీ కొట్టు ఉంది. మొన్న అక్కడి కంప్యూటర్ చచ్చి బతికింది గానీ, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఎగిరిపోయింది. సాయంత్రానికల్లా స్కూలు బ్యాడ్జీలు కుట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ స్కూలు ఎదురు కొట్టుకి వెళ్ళిపోతుంది, ఇక రాదు. అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పేసి నా వంక చూసింది. ఆ చూపుకంటే నాలుగు తిట్లు నయం.

సాఫ్ట్‌వేర్ ఉచితమే. కానీ మా ముసలి కంప్యూటర్‌కి పాత వెర్షనే పడుతుంది, అసలు సైట్లో కొత్తదే ఉంది. పాతవాటి కాపీలని కొందరు పుణ్యాత్ములు తమ సొంత కంప్యూటర్లలో దాచి ఊరికే పంచుతుంటారు. వాటిని మిర్రర్లంటారు. వెతికితే ఒకటి మూతపడింది, ఒకటి సగంలో ఆగిపోయింది. చివరికొకటి దొరికింది. పేజీ అడుగున దాన్ని నడిపేవాళ్ళ ఫొటో. చిట్టి! పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. కింద ఎక్కడెక్కడివాళ్ళో పెట్టిన దండాలు.

కడుపు భగ్గుమంది. ఫొటో పక్కన ఏదో నోటీసు ఉంది గానీ, ఆ మొహం పక్కనున్నదేదీ చదవబుద్ధి కాలేదు. గబగబా లాగేసి బయటపడదామని ఫైలుని పదహారు ముక్కలు చేసి, పదహారు లైన్ల మీద ఒకేసారి దింపుకునేలా పెట్టాను. కాలేజీలో అందరం అలాగే చేసేవాళ్ళం. కాసేపటికే ఆగిపోయింది. మీ కనెక్షన్‌ని నిషేధించాం అని వచ్చింది. ఫోన్ నెట్ పెట్టి మళ్ళీ అదే పదహారు. మళ్ళీ నిషేధం.

చిట్టికి ఫోన్ చెయ్యమంది అమ్మ. దానికేం తెలుసన్నాను. నా మాట వినకుండా తనే చేసి, స్పీకర్ పెట్టింది.

"పెద్దమ్మా, తర్వాత మాట్లాడతా. ఇంటర్వ్యూ మధ్యలో నెట్ పోయింది. ఎవడో వెధవ పదహారు చేతుల్తో నా సర్వర్ని పీకుతున్నాడు."

అమ్మ తలతిప్పి తెర వంక చూసింది. పదహారు ఎర్ర గీతలు వరసగా నిలబడి ఉన్నాయి.

ముందు నాకు కలిగింది సిగ్గు కాదండీ. ఇంటర్వ్యూ పోయిందన్న మాట చెవికి చల్లగా తగిలింది. ఆ తర్వాతే మిషన్ మీద కప్పిన గుడ్డ కనబడింది.

"ఆ వెధవని నేనేనే," అన్నాను.



"నోటీసు చదవలేదా అక్కా? ఒక్కొక్కరూ ఒక్క లైనే వాడమని రాశాను కదా. అది అటక మీది పాత ల్యాప్‌టాప్. మా ఇంటిల్లిపాదికీ ఆ నెట్టే."

"నీ ఫొటో పక్కనుంది. అందుకే చదవలేదు."

"ఫొటో అంత బాలేదా?"

"బాగుంది. అదే నా బాధ."

చిట్టి పకపకా నవ్వి నిషేధం ఎత్తేసింది. ఒక్క లైను మీద నత్తనడకన వచ్చినా ఫైలు మొత్తం వచ్చింది. చీకటి పడేలోపు అమ్మ బ్యాడ్జీలు కుట్టి ఇచ్చేసింది. స్కూలు మాకే మిగిలింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. చిట్టికి ఇంటర్వ్యూ మళ్ళీ పెట్టారట. ఆరోజు నెట్ ఎందుకు పోయిందని అడిగితే, తన సర్వర్ మీద జరిగిన దాడిని ఎలా పసిగట్టిందో, ఎలా ఆపిందో పూసగుచ్చినట్టు చెప్పిందట. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు. పిన్ని ఫోన్ చేసి "అంతా నీ చలవేనమ్మా" అంది. అందులో వెటకారం ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. ఉంటే కాస్త చల్లబడేదాన్ని.

ఇలాంటి చెల్లెళ్ళు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. మీ చేతి చలవతో పైకెళ్ళి కూర్చున్నవాళ్ళ సంగతులు నాకు రాయండి. పేర్లక్కర్లేదు, మంట ఎంతో చెప్తే చాలు.