ఎడమ అండం, కుడి ట్యూబు

మా కార్ఖానాలో మనిషి లోపలి అవయవాలు తయారవుతాయి. రబ్బరువి, బడిపిల్లలకీ నర్సు చదువుల వాళ్ళకీ చూపించడానికి. నేను రంగులు వేస్తాను, మా చెల్లెలు అతికిస్తుంది. గర్భసంచికి అటొక ట్యూబు, ఇటొక ట్యూబు చేతులు చాచినట్టు పెట్టి, వాటి చివరి కుచ్చుల్ని అండాశయాలకి జిగురుతో బిగించేస్తుంది. లేకపోతే లారీ కుదుపులకి ఊడిపోతాయని మా యజమాని గోల.

ఆ జిగురే చెల్లెలి కొంప ముంచింది. పెళ్ళికి ముందు గడ్డ వచ్చి దాని కుడి అండాశయం తీసేశారు. పెళ్ళయ్యాక గర్భం ఎడమ ట్యూబులోనే నిలిచి, అది పగిలి ప్రాణం మీదికొస్తే ఆ ట్యూబూ తీసేశారు. డాక్టరమ్మ ఏదో చెప్పబోతే ఇది వినిపించుకోలేదు. ఇంటికొచ్చి నాకే పాఠం చెప్పింది.

"ఉన్న అండాశయానికి ట్యూబు లేదక్కా. ఉన్న ట్యూబుకి అండాశయం లేదు. రోజూ అంటించేదాన్ని, నాకు తెలీదా?"

నాకు ఒళ్ళు మండింది. అప్పటినుంచీ పిల్లల మాటెత్తితే లేచి వెళ్ళిపోయేది. మా మరిది బస్సు నడుపుతాడు, నెమ్మదైన మనిషి. "నాకు నువ్వుంటే చాలు" అన్నాడట. అది విని ఇంకా ఎక్కువ ఏడ్చింది.

మొన్న దానికి నెల తప్పింది. నాకు చెప్పనైనా చెప్పలేదు. పనిలో కడుపు తిప్పి కుళాయి దగ్గరికి పరిగెత్తితే నేనే పసిగట్టాను. పరీక్ష చేయిస్తే గర్భమని తేలింది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సంచిలోకి రావడానికి దారే లేదక్కా. మళ్ళీ ఎక్కడో అడ్డదిడ్డంగా నిలిచుంటుంది. ఈసారి నేను బతకను."

"నోర్ముయ్. చావు కబుర్లు తర్వాత చెబుదువుగాని, ముందు చెప్పులేసుకో" అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. గట్టిగానే కసిరాను గానీ, దారి పొడుగునా దాని రెక్క వదల్లేదు.

స్కాన్ గదిలో డాక్టరమ్మ తెర వైపు చూస్తూ పరికరాన్ని అటూ ఇటూ జరిపింది. చెల్లెలు నా వేళ్ళు విరిగేలా పట్టుకుంది.

"గర్భసంచిలోనే ఉంది" అంది ఆవిడ చివరికి. "గుండె కొట్టుకుంటోంది, చూడండి."

చూశాను. బియ్యపు గింజంత దానిలో ఏదో టపటపలాడుతోంది.

చెల్లెలు మాత్రం వాదనకి దిగింది. "అలా కుదరదు మేడమ్. కుడివైపు అండాశయమే లేదు. అండం ఎక్కణ్ణుంచొచ్చింది?"

"ఎడమవైపు నుంచే. ఇదిగో, అండం బయటపడ్డ గుర్తు ఎడమ అండాశయంలో కనబడుతోంది."

"అటు ట్యూబు లేదుగా."

"కుడి ట్యూబు తీసుకుంది."

"అంత దూరం నుంచా? అవి అంటుకునుంటాయి కదా. నేనే అంటిస్తాను."

మా పనేమిటో డాక్టరమ్మకి నేను చెప్పాల్సొచ్చింది. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఒంట్లో ఎవరూ జిగురు పెట్టరమ్మా. ట్యూబు చివరి కుచ్చులు ఊరికే వేలాడుతుంటాయి. అండం విడుదలయ్యే వేళకి కదిలి, తడిమి, దాన్ని లోపలికి లాక్కుంటాయి. పైగా ట్యూబులు బొమ్మలోలా చేతులు చాచి ఉండవు, గర్భసంచికి వెనకవైపుగా వాలి దగ్గరదగ్గరగా ఉంటాయి. పక్కింటి అండాన్ని తెచ్చుకోవడం వింతేం కాదు. ఆరోజే చెప్పబోయాను, నువ్వు వింటేగా."

చెల్లెలు కన్నీళ్ళు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది. "గడుగ్గాయి, ఎంత పని చేసింది" అని తన కుడి ట్యూబుని ముద్దుగా తిట్టింది.

బయటికి రాగానే స్పీకర్ పెట్టి మరిదికి ఫోన్ చేసింది. నేను చెబుతానంటే ఇవ్వలేదు. వరండా నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ గొంతు పెంచని మా చెల్లెలు వాళ్ళందరికీ వినబడేలా మొదలుపెట్టింది.

"ఎడమవైపు అండం బయటపడిందా, అటు ట్యూబు లేదా, కుడివైపు కుచ్చులు దాన్ని లాగేసుకున్నాయండీ. ఆ ట్యూబులోనే మీ వంతు కలిసింది. తర్వాత మెల్లగా దొర్లుకుంటూ సంచిలోకొచ్చి గోడలో కుదురుకుంది."

మరిది ఓపిగ్గా ఊఁ కొట్టాడు. "సరేగానీ, ఇదంతా నాకెందుకు చెబుతున్నావ్? మళ్ళీ ఆపరేషనా?" అన్నాడు భయంగా.

"కాదు. మీరు నాన్న అవుతున్నారండీ."

అటునుంచి మరిది ఏడుపు వినబడింది. డిపోలో ఎవరో కంగారుగా ఏమైందని అడిగారు. "మాకు బిడ్డ పుట్టబోతోంది" అని మరిది ఏడుస్తూనే చెప్పాడు.