పక్కన తీసిన పిడికెడు

జకరయ్య తలుపు తట్టి, వేళ్ళు చెక్కమీదే ఉంచాడు. లోపల ఎవరైనా నడిస్తే చెక్క అదురుతుంది. రెండేళ్ళుగా ఇళ్ళలో మనుషులున్నదీ లేనిదీ అలాగే తెలుసుకుంటున్నాడు.

తెనాలిలో ఆ పేట ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా దాస్తారు. నెలకోసారి అతను వచ్చి గోనెసంచిలో పోసుకుంటాడు. చర్చి ఆవరణలో ఆ బియ్యం వేలం వేసి, వచ్చినదానితో సంఘంవాళ్ళు చెవుడున్న పిల్లలకు వినికిడి మిషన్లు కొంటారు. ఇరవయ్యారేళ్ళ మోతకు అతని కుడిభుజం కిందికి జారిపోయింది.

ఫ్లోరెన్స్ తలుపు తీసింది.

"పెరట్లోంచి మూడుసార్లు పలికాను. చెవిటోళ్ళకి బియ్యమెత్తీ ఎత్తీ నీకూ వచ్చిందేంటి అన్నయ్యా?"

ఆమె నవ్వడం చూశాక అతనూ నవ్వాడు. ఆ ఆలస్యాన్ని ఆమె కనిపెట్టింది. దగ్గరికొచ్చి, గొంతు పెంచి, నువ్వూ ఒక మిషను అడగరాదా అంది.

"తలుపవతల పిలుపు వినబడనోణ్ణి పనిలో ఎవరుంచుకుంటారమ్మా?" అని సంచి నోరు తెరిచాడు. "ఎవరికీ చెప్పమాక."

సంచితోపాటు అతని దగ్గర స్టీలు డబ్బా ఒకటుంది. అందులో బియ్యం, బియ్యంలో చెమ్మ తగలకుండా గుచ్చిన మిషను. రేపల్లెలో నవ్య అనే ఐదేళ్ళ పిల్లది. పాడైతే బాగుచేయించి తెస్తున్నాడు. రేపు అది చెవికి లేకపోతే పిల్లను మామూలు బళ్ళో చేర్చుకోరు.

పొద్దున బాపట్లలో మిషన్లు బాగుచేసే అజయ్ బాబు, మిషనుకు తగిలించి పరీక్షించే గొట్టం అతని చెవికి పెట్టాడు. ఏదో గరగర వినిపించింది.

"ఇంకా బాగవలేదేంటి బాబూ?"

"మిషను బానే ఉందండి. అది మీ ఊపిరే."

జకరయ్య గొట్టం గబుక్కున తీసేశాడు. తనది కాని ఉత్తరం విప్పినట్టనిపించింది. అజయ్ బాబు ఇంకేదో చెబుతుండగానే మిషను డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

మధ్యాహ్నం రేపల్లె రైల్లో ఎదుటివాళ్ళు మాటిమాటికీ డబ్బావైపు చూశారు. కాళ్ళకు అడ్డమనుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు. అయినా చూస్తూనే ఉన్నారు. వేమూరు దాటాక కిటికీకి తల ఆన్చాడు. ఇక ఎవరి పెదవులూ చూడక్కర్లేదు. కళ్ళు మూసుకున్నాడు.

రేపల్లెలో బండి ఖాళీ అయింది. నవ్య చెయ్యి పట్టుకుని తల్లి సీతారావమ్మ ఒక్కో పెట్టెలోకీ తొంగిచూస్తూ నడిచింది. ఒకచోట సన్నటి ఈల వినబడింది. స్విచ్చి ఆపకుండా డబ్బాలో మూసిపెట్టిన మిషను కూత. ఇంట్లో రోజూ వినేదే.

"బాబాయ్ గారూ," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది.

నవ్య తనకు తెలిసిన పద్ధతిలో పిలిచింది, చొక్కా పట్టి లాగి. డబ్బామీది చెయ్యి జారి పక్కకు వేలాడింది.

రైల్వేవాళ్ళు వచ్చి నాడి చూసి, మొహాన తువ్వాలు కప్పి దించారు. ప్లాట్‌ఫాం బల్లమీద కూర్చుని సీతారావమ్మ డబ్బాలోంచి మిషను తీసి పిల్ల చెవికి తగిలించింది. ఈల ఆగింది. తల్లి ఏడుపు వినబడి నవ్య ఇటు తిరిగింది.

బల్లమీద డబ్బా తెరిచే ఉంది. బియ్యంలో, మిషను ఉన్నచోట, బొటనవేలంత గుంట.