పన్నెండు కుండల యాప్

శుక్రవారం పొద్దున నా చేతిలో ఉన్నవి ఇవి: ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు, రేకులు తీసే పన్నెండు మంది ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, ఆదివారం పొద్దున్నే మండపేట మిల్లు యజమాని ఇంటి పెళ్లికి చేర్చాల్సిన వెయ్యి పూతరేకుల ఆర్డరు. అది నిలబెట్టుకుంటే ఆయన చుట్టాల పెళ్లిళ్లన్నీ నావే.

చిక్కల్లా ఒకటే. రేకు తీసే చేతులు పిండినీళ్లలో ఉంటాయి. ఫోన్ ఎత్తితే కుండ మీద రేకు మాడిపోతుంది. అందుకని మా కొట్లో ఆర్డర్లు చూసే రెబెక్కా ఒక యాప్ తయారుచేసింది. ఎవరెన్ని రేకులు తీయాలో అది పేరు పెట్టి పిలిచి గట్టిగా చెబుతుంది.

"ప్లే స్టోర్‌లోకి ఇంకా రాలేదండి. ఫైల్ నేరుగా వేసుకోవాలి. నేను ఇంటింటికీ వెళ్లి వేసొస్తాను," అంది.

అంత తిరుగుడెందుకని నేనే ఫైల్‌ని పన్నెండు మందికీ వాట్సాప్‌లో పంపేశాను. మధ్యాహ్నానికి ఒక్కరూ పలకలేదు. ఫోన్ చేస్తే ఒక్కటీ కలవలేదు. రెబెక్కాని స్కూటర్ ఎక్కించుకుని, ఆ పన్నెండు మందిలో ఒకరైన రత్నమాణిక్యం ఇంటికి పరిగెత్తాను.

"చంద్రరావు గారూ, మీరేనా! మీ ఫోన్ దొంగల చేతిలో పడిందనుకున్నామండి. అందరం మిమ్మల్ని బ్లాక్ చేసేశాం."

"నన్నా?"

"మరి? శుభలేఖ అని చెప్పి వచ్చిన ఫైల్ నొక్కి మా మరిది ఖాతా మొత్తం పోగొట్టుకున్నాడు. మీరు ఒక్క ముక్కయినా రాయకుండా పంపారు."

తప్పు నాదే. ఈలోగా రెబెక్కా నా ఫోన్ లాక్కుంది. "ఈయన బ్యాంకు యాప్ ఉన్న ఈ ఫోన్‌లోనే ముందు వేస్తాను. చూడండి."

పక్కిళ్లవాళ్లు మూగారు. ఫోన్ హెచ్చరిక చూపించింది.

"మెసేజులు అడగదు, కాంటాక్టులు అడగదు. వేశాక, బయటి ఫైళ్లకి అనుమతిచ్చే ఈ స్విచ్ మళ్లీ ఆపేయాలి," అని రెబెక్కా అన్నీ చూపించింది.

"ఖాతా చూపించండి," అంది రత్నమాణిక్యం. చూపించాను. "ఇంతేనా? దొంగ వచ్చినా జాలిపడి పోతాడు!"

ఒకటే నవ్వులు. పక్కింటి సాయిదుర్గ వెంటనే తన ఫోన్ చాపింది. ఆమె మళ్లీ కుండ దగ్గర కూర్చుందో లేదో, "సాయిదుర్గ గారూ, రెండు వందల రేకులు!" అని ఫోన్ అరిచింది. రేకు తీసే పిండిగుడ్డ వదలకుండానే ఆమె, "అలాగేనండీ!" అని ఫోన్‌కే బదులిచ్చింది. సాయంత్రానికి ఊరంతా అరుపులే!

రత్నమాణిక్యం మాత్రం వేయించుకోలేదు. "సాయిదుర్గ ఫోన్‌లోంచే నన్నూ పిలిపించండి. గోడవతల నుంచి వినపడుతుంది."

ఆదివారం ఏడింటికి వెయ్యి పూతరేకులూ మండపేట చేరాయి. లెక్క చూసుకుంటే పదకొండు ఫోన్లు, పన్నెండు కుండలు, కొత్తగా రెండు పెళ్లిళ్ల ఆర్డర్లు. నన్ను ఇంకా బ్లాక్‌లోనే ఉంచినవాళ్లు ఒకరు.