విడవని లైను

ఆరో క్లిప్పు పెట్టాక అతను ఆగి, ఎటునుంచి ఎటు వస్తున్నాడో మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ పాత ఎక్స్ఛేంజిలో ఒక ఫోను ఇంకో ఫోనుతో కలవాలంటే మాట స్విచ్చు నుంచి స్విచ్చుకు, ర్యాకు నుంచి ర్యాకుకు దాటుకుంటూ పోవాలి. మాట ముగిసినా ఏ లైనైనా విడవకుండా పట్టుకుపోతే, ఆ దారిని మనిషే వెతికి పట్టుకోవాలి. దారిలో తగిలిన ప్రతి స్విచ్చుకూ అతను ఒక బట్టల క్లిప్పు పెడతాడు. ముప్పై ఏళ్లుగా అంతే. అందుకే అందరికీ క్లిప్పుల బాబాయి.

క్లిప్పులు అక్కవి. తల్లి పోయాక అతన్ని పెంచిందీ, ఇప్పటికీ అన్నం పెడుతున్నదీ ఆమే. "నా బట్టలు గాలికి పోతే పోనీలే, నీ స్విచ్చులు ఎగిరిపోకుండా ఉంటే చాలు" అని దెప్పేది.

ఈ ఉదయం దెప్పలేదు. గుండెల్లో బరువుగా ఉందంది. సెలవు పెడతానంటే ఒప్పుకోలేదు. "ఎక్కువైతే ఫోను చేస్తాగా. చెయ్యలేదంటే బాగున్నట్టే."

ఫోను రాలేదు. జేబులో తాళంచెవిని తడుముకున్నట్టు ఆ మాటనే పదేపదే తడుముకుంటున్నాడు. రాలేదు కదూ? ఈమధ్య జ్ఞాపకం జారుతోంది. టీ తాగాడో లేదో కప్పు అడుగు చూసి తెలుసుకోవలసి వస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

సూపర్‌వైజరమ్మ వచ్చి నిలబడింది. "ఈ లైను పట్టుకుపోయి మూడు గంటలైంది బాబాయ్. పీకేద్దురూ."

"రెండు చివరలూ తెలియకుండా విడగొట్టకూడదమ్మా. ఎవరైనా మాట్లాడుతుంటే?"

"మూడు గంటలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది అలిగిన మొగుడూ పెళ్లాలే" అని నవ్వి వెళ్లిపోయింది.

వెనక్కి వెళ్తే పిలిచినవారి నంబరు దొరికింది. అరచేతిలో రాసుకున్నాడు. తెలిసిన ముఖంలా అనిపించింది ఆ నంబరు, ఎవరిదో మాత్రం నాలుక చివరనే ఆగిపోయింది. ఇంటికి అతనెప్పుడూ ఫోను చేసింది లేదు, చేసేది అక్కే. రెండో చివర దొరికితే ఇదీ తేలుతుందనుకుని ముందుకు కదిలాడు. ఏడో క్లిప్పు, ఎనిమిదో క్లిప్పు. ఆఖరి తీగ గోడ వెంట దిగి, కిటికీ పక్కనున్న బల్ల ఎక్కింది.

అది అతని బల్లే.

రిజిస్టరు వెనక రిసీవరు వెల్లకిలా పడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఫోను మోగింది. ఎత్తాడు. అదే క్షణంలో అవతలి గదిలో ఫ్యూజు పోయిందని చెప్పే గంట మోగింది. "ఉండక్కా, ఇప్పుడే వస్తా" అని రిసీవరు పక్కన పెట్టి పరిగెత్తాడు.

చెవికి ఆనించుకున్నాడు. ఎక్కడో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ కుళాయి వాషరు మార్చాలని నెల రోజులుగా అనుకుంటున్నాడు.

"అక్కా."

మళ్లీ పిలిచాడు. ఎన్నిసార్లు పిలిచాడో లెక్క తెలియలేదు. చాలాసేపటికి తలుపు చప్పుడైంది, అడుగులు దగ్గరకొచ్చాయి. పక్కింటి పిన్నిగారి గొంతు.

"నువ్వా నాయనా? కిటికీలోంచి చూసి కునుకు తీస్తోందనుకున్నాను. కుర్చీలోనే ఉంది. ఫోను చేతిలోనే ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది నాయనా. వచ్చెయ్."

అటువైపు ఆమె ఫోను పెట్టేసింది. అతను కూడా పెట్టాడు. ర్యాకుల్లో స్విచ్చులు ఒకదాని వెనక ఒకటి టకటకా కిందికి జారి, తమ చోటికి చేరుకున్నాయి. అతను చొక్కా గుండీలు సరిచేసుకుని, చెప్పులు మరిచిపోయి వెళ్లాడు.

మూడో వరుసలో, ఇక ఏ దారీ లేని స్విచ్చు మీద, అక్క చీర దారప్పోగు చిక్కుకున్న నీలం క్లిప్పు అలాగే ఉంది.