తుఫాను షెల్టరులో నల్లబల్ల

నేను ఒక నల్లబల్లను. టేకు అని నమ్మించి వడ్రంగి నన్ను మామిడిచెక్కతో చేశాడు. ఇరవై ఏళ్లు బడిలో ఎక్కాలు మోశాను. బడి మూతపడ్డాక నన్ను సముద్రపొడ్డున తుఫాను షెల్టరుకు పంపారు. చేతిలో ఫోను ఉన్న మనిషికి అక్కడ నాతో ఏం పని?

ఆ తుఫానుకు టవర్లన్నీ కూలాయి. షెల్టరు నిండా జనం. మూగబోయిన ఫోన్లు పైకెత్తి కిటికీల చుట్టూ తిరిగారు. పలకని దాన్ని మనుషులు ఎంతసేపైనా బతిమాలతారు.

దానమ్మ ఒక్కతే నా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త సోమేశు హెచ్చరిక రాకముందే వేటకు వెళ్లాడు. చిన్న కూతురికి జ్వరం కాస్తోంది. పిల్లలిద్దరితో ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లే లారీ బయట సిద్ధంగా ఉంది. పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలతో నా మీద రాసింది: ‘పాపకు జ్వరం. టెక్కలి ఆసుపత్రికి పోతన్నాం. ముగ్గురం బాగున్నాం. అక్కడికి రా.’

“ఏటే, సముద్రంలో ఉన్నోడికి బల్ల మీద ఉత్తరమా?” అంది పక్కింటి సూరమ్మ.

“ఒడ్డెక్కితే ముందు ఇక్కడికే గదా వత్తాడు, పిన్నీ.”

మర్నాడు జనం కూలిన ఇళ్లు చూసుకోవడానికి వెళ్లాక ఒక ప్రభుత్వ ఉద్యోగి వచ్చాడు. పని తెలిసినవాడు. తడిగుడ్డతో నన్ను శుభ్రంగా తుడిచాడు. షెల్టరులో మిగిలిన కొద్దిమందికి ఊరి జాబితా చదివి వినిపించి, వాళ్లు జాడ చెప్పలేనివాళ్ల పేర్లు ‘గల్లంతైనవారు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో నా మీద రాశాడు. దానమ్మ, ఆమె పిల్లలిద్దరూ అందులో ఉన్నారు.

మధ్యాహ్నం సోమేశు వచ్చాడు. పడవ పోయింది, ఫోను పోయింది, మనిషి మిగిలాడు. కూడబలుక్కుని ఆ మూడు పేర్లూ చదివాడు. కాసేపు నా చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఎవరినీ అడగకుండానే ఒడ్డువైపు వెళ్లిపోయాడు. చెరిగిపోయిన మాటలు నాకు తెలుసు. నాకు నోరు లేదు.

ఐదో రోజు దానమ్మ పిల్లలతో తిరిగొచ్చింది. సూరమ్మ ఏడుస్తూ చెప్పింది: “వచ్చాడే తల్లీ. మీ శవాలు ఎతుక్కుంటా ఒడ్డెంబడి ఉత్తరానికెల్లిపోయాడట. నాను సూడనేదే!”

దానమ్మ కొంగుతో పిల్లల పేర్లు తుడిచింది. అక్కడే ఉన్న ఆ ఉద్యోగి తల దించుకుని, “నీది కూడా తుడిచెయ్యమ్మా, మంచిది కాదు” అన్నాడు.

“ఉండనీండి బాబూ. ఆడు సూసెల్లిన పేరది. ఆడే వచ్చి తుడవాల.”

ఏడు నెలలైంది. టవర్లు మళ్లీ లేచాయి. ఎక్కడున్నావు, అన్నం తిన్నావా అని ఊరంతా ఫోన్లలో కేకలు. సోమేశు నంబరు మాత్రం పలకదు. నన్ను సామాన్ల గదిలో గోడవైపు తిప్పి పెట్టారు. ఉప్పుగాలికి సుద్ద రాలిపోతోంది. దానమ్మ అప్పుడప్పుడూ వచ్చి నన్ను తిప్పుకుంటుంది. గల్లంతైనవారి కింద తన పేరు తానే మళ్లీ దిద్ది వెళుతుంది.