చెర్రీ పై ఎవరు చేశారు

ఊరికే ఇంటికొచ్చి, పిండిలో పళ్ళు కూరి కాల్చిన పై ఇచ్చిపోయే మనిషిని నేను నమ్మను. పండగ లేదు, పబ్బం లేదు, మా ఇంట్లో ఎవరూ పోలేదు. మరి పక్కింటి లినెట్ ష్రామ్ మంగళవారం పట్టపగలు చెర్రీ పై పట్టుకుని నా గుమ్మంలో ఎందుకు నిలబడినట్టు?

"కాస్త ఎక్కువ చేశానండీ, ఆర్వెల్లా గారూ," అంది.

"నీ మొహం చూస్తే అలా లేదే."

కళ్ళు దించుకుంది. "మా ఆయన గురించి వాకబు చెయ్యడానికి పోలీసు సర్టిఫికెట్లిచ్చే బోర్డు నుంచి ఒకావిడ వస్తుందట. రోడ్నీ అబద్ధమాడే మనిషి కాదని ఒక్క మాట చెప్పండి, చాలు."

అదీ సంగతి. లినెట్ మొగుడు రోడ్నీ ఒకప్పుడు మా ఊరి పోలీసు. తోటి పోలీసు ఒకడు ఎవరినో ఉత్తపుణ్యానికి కారాపి పట్టుకుంటే, వాణ్ణి వెనకేసుకొచ్చి, "స్టాప్ బోర్డు దగ్గర ఆ కారు ఆగలేదు, నేనూ చూశాను" అని రిపోర్టు రాశాడు. తీరా ఆరా తీస్తే ఆ వేళకి ఈయనగారు ఊరికి అవతలి కొసన ఉన్నాడు. పోలీసు సర్టిఫికెట్ పీకేశారు. అది లేకపోతే మా నెబ్రాస్కాలో ఏ ఊరూ బ్యాడ్జి ఇవ్వదు. అప్పట్నుంచి ధాన్యం గోదాంలో లారీలకి లోడు ఎత్తిస్తున్నాడు. ఇప్పుడు మళ్ళీ ఇమ్మని దరఖాస్తు పెట్టుకున్నాడు. బోర్డు ఒప్పుకుంటే పోలీసు, కాదంటే ఈ జన్మకిక గోదామే.

నాకు వాడి మీద మొదట్నుంచీ అనుమానమే. మొన్న చలికాలమంతా అడక్కుండానే నా వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. ఆదివారం చర్చిలో ముందు వరస వదలడు. ఇదంతా ఎవరు చూడాలని? ఆ సాయంత్రం వాడు మొక్కలకి నీళ్ళు పెడుతుంటే కంచె దగ్గరికెళ్ళి అడిగేశాను.

"ఏమయ్యా, పెళ్ళాం చేత పైలు పంచిపెట్టి మంచి పేరు కొనుక్కుంటున్నావా?"

"పైలేంటి?"

"నా దగ్గర నాటకాలొద్దు. నీ గురించి మంచిగా చెప్పమని ఇల్లిల్లూ తిరిగింది మీ ఆవిడ."

వాడి మొహం పాలిపోయింది. గొట్టం అక్కడే పడేసి లోపలికెళ్ళాడు. గొట్టంలోంచి నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. తెలియదంటే నమ్మెయ్యాలా? నేను నమ్మలేదు.

గురువారం బోర్డావిడ వచ్చింది. పేరు టాల్బట్. చెప్పాపెట్టకుండా వచ్చి నా వంటింట్లో కూర్చుంది. పోసిచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"మీ వీధిలో మూడిళ్ళకి వెళ్ళొచ్చాను," అంది. "ముగ్గురూ ఒకే మాట చెప్పారు, అబద్ధమాడే మనిషి కాదని. మూడిళ్ళలోనూ చెర్రీ పై ఉంది. ఇదిగో, మీ ఇంట్లోనూ ఉంది. ఎవరు చేశారండీ?"

లినెట్ పేరు నా నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ నా అలమారు వైపు, సింకు వైపు చూస్తున్న తీరుకి ఒళ్ళు మండింది. దొంగసొత్తు దాచానా నేను? పైగా కిటికీలోంచి లినెట్ కనిపిస్తోంది. తడి దుప్పటి దండెం మీద వేస్తోంది, తీస్తోంది, మళ్ళీ అదే వేస్తోంది. జాలేసింది.

"నేనే చేశాను," అన్నాను. "అన్నిళ్ళకీ నేనే పంచాను. తప్పా?"

"అబ్బే," అని లేచి సరాసరి పక్కింటికి నడిచింది. నేను ఊరుకుంటానా? నేనూ కంచె దాకా వెళ్ళాను.

రోడ్నీ మెట్ల మీదికొచ్చాడు. వాడి వెనక దోమల జాలీ తలుపు పట్టుకుని లినెట్.

"మీ తరఫున మాట్లాడమని ఇరుగుపొరుగుని ఎవరైనా అడిగారా?" అంది టాల్బట్.

వాడు చేతులు చొక్కాకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇక నావల్ల కాలేదు. "ఆ పై నేనే చేశానని చెప్పేశానయ్యా రోడ్నీ," అని కంచె మీంచి కేకేశాను. వాడు ఊఁ అంటే చాలు, గండం గడిచిపోతుంది. అంటాడనే అనుకున్నాను. అప్పుడు తోటివాడి కోసం అబద్ధపు రిపోర్టు రాసినవాడు పెళ్ళాం కోసం ఒక్క ఊఁ అనడా?

నా వైపు చూశాడు. తర్వాత లినెట్ వైపు.

"అడిగారండీ. నా భార్యే అడిగింది. నాకు మంగళవారం సాయంత్రం తెలిసింది. అప్పుడే మీకు ఫోన్ చెయ్యాల్సింది. భయమేసి చెయ్యలేదు."

"మరి ఆర్వెల్లా గారు వేరేలా చెప్పారే?"

"అది నిజం కాదండీ."

దోమల తలుపు టప్పున మూసుకుంది. టాల్బట్ ఒక్కసారి నా మొహంలోకి చూసి కారెక్కింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాడి మీద కోపమూ వచ్చింది, మేలు చెయ్యబోతే నన్నే అబద్ధాలకోరుని చేశాడని. లినెట్ మాత్రం తక్కువ తిన్నదా? వారం పాటు వాణ్ణి గ్యారేజీలోనే పడుకోబెట్టింది.

సర్టిఫికెట్ ఇచ్చారు. ఎందుకిచ్చారో నాకెవరూ చెప్పలేదు.

చలి మొదలయ్యాక ఓ రోజు పోస్టాఫీసు మూల కారు మలుపు తిప్పుతుంటే పక్క రోడ్డు మీంచి వచ్చేవాడెవడో గట్టిగా హారన్ కొట్టాడు. అటు తిరిగి ఎవరితోనో కబుర్లాడుతున్న రోడ్నీ ఆ చప్పుడికి వెనక్కి చూసి, చెయ్యెత్తి నా కారాపాడు. ఒంటి మీద యూనిఫాం, దాని మీద కొత్త బ్యాడ్జి.

"స్టాప్ బోర్డు దగ్గర ఆగారా, ఆర్వెల్లా గారూ? నేను చూడలేదు. మీరే చెప్పండి."

చూడలేదట. నన్ను పరీక్షిస్తున్నాడేమోనని వాడి మొహంలో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. నా జవాబు కోసం నిలబడ్డాడు, అంతే.

"ఆగలేదయ్యా," అన్నాను. "రాసుకో."