బుసకొట్టే కార్డు

నా భార్య పోయిన రోజున, ఉక్కగా ఉందని ఎవరో వెనక గదిలోకి స్టాండు ఫ్యాను తెచ్చారు. గోడకు ప్లగ్గు ఖాళీ లేకపోతే కంప్యూటర్‌ది పీకి ఫ్యానుది పెట్టారు. వాళ్ళను అనడానికి ఏమీ లేదు. ఆ పెట్టెలో గుర్తులు నిలిపే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందనీ, అందుకే ఆమె దాన్ని ఆపకుండా స్క్రీను మాత్రమే ఆర్పి ఉంచేదనీ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆ పూట నాకు ఫ్యాను కనిపించింది, ప్లగ్గు కనిపించలేదు.

కొన్ని వారాల తర్వాత ప్లగ్గు పెట్టి చూస్తే దానికి ఏమీ గుర్తు లేదు. తేదీ తెలియదు, తనలో డిస్కు ఉందని తెలియదు, సౌండ్ కార్డు ఉందని అసలే తెలియదు.

ఆమె పగలు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. సాయంత్రాలు ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క స్వరాన్నీ కీబోర్డు మీద నొక్కి పాటలు పేర్చేది. గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడు, తలుపు గొళ్ళెం చప్పుడు రికార్డు చేసుకుని వాటినే వాయిద్యాలుగా వాడేది. కొత్తది కొనుక్కోమని ఆఫీసులో అందరూ చెప్పారు. "దీనికి నాలుగే గొంతులు. నలుగురయితే ఎవరేం చేస్తున్నారో కనిపెట్టుకోవచ్చు. నలభైమందిని మీరు బడిలో కాస్తున్నారుగా, చాలు," అనేది నాతో.

చివరిసారి ఆస్పత్రికి బయలుదేరుతూ, చెప్పులు తొడుక్కుంటూ, "కొత్త పాట అయిపోయింది. వచ్చాక వినిపిస్తాను," అంది.

ఆ పాట వినాలి. అప్పుడు నాకున్న కోరిక అదొక్కటే.

మా బావమరిది రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తాడు. ఆదివారం స్క్రూడ్రైవర్ల సంచీతో వచ్చి, పెట్టె మూత తీసి, లోపలి దుమ్ము చూసి ఒక నిట్టూర్పు విడిచాడు.

"బావా, గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నాం. తెలుసుగా?"

"తెలుసు. తోము."

కొత్త బ్యాటరీ వేశాడు. డిస్కు వివరాలు ఎక్కించాడు. పాట రాసే ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ బూజు పట్టి పనిచేయలేదు, ఆమె రాసినది తెరిచి చూసే దారి పోయింది; కానీ పాట వినిపించే ప్రోగ్రాం డిస్కులోనే ఉంది. అక్కడి నుంచి సౌండ్ కార్డు మీదికి వచ్చాడు. అది జానెడు పొడవున్న పచ్చటి పలక. స్పీకరు తగిలించగానే పాములా బుసకొట్టింది.

"ఇది ముసలిదై పోయింది. నా కొట్లోంచి దీని తమ్ముణ్ణి తెచ్చాను, గొంతు శుభ్రంగా ఉంటుంది," అని పాతది తీసి ఆ కార్డు పెట్టాడు. దాని మీద జంపర్లు ఉన్నాయి, గోరులో సగం లేని ప్లాస్టిక్ టోపీలు. ఏ పిన్నులకు టోపీ తొడిగితే కార్డుకు ఆ నంబరు.

"నంబరు దేనికి?" అన్నాను.

"నీ భాషలో చెప్పాలంటే రోల్ నంబరు. ఇద్దరికి ఒకే నంబరు ఇచ్చావనుకో, హాజరు పిలిచినప్పుడు ఏమవుతుంది?"

"ఇద్దరూ పలుకుతారు."

"ఇక్కడ ఇద్దరూ నోరు మూసుకుంటారు. ఏడో నంబరు ప్రింటర్ది. మనం ఐదు ఇద్దాం."

ఐదు ఇచ్చాడు. పాట మొదలయింది. గాజు గ్లాసు స్వరం మెట్టు మెట్టుగా పైకి వెళ్ళింది, వెనక గొళ్ళెం తాళం వేసింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. మూడు స్వరాలు దిగి, నాలుగోది ఎత్తుకుంటుందనుకునేసరికి ఆగిపోయింది. నల్లటి స్క్రీను మీద ఏమీ లేదు.

"హ్యాంగ్ అయింది," అని రీసెట్ నొక్కాడు. "నంబరు కుదరకపోతే ఇలాగే కొంత పాడి ఆగిపోతుంది. మొండిది. ఎవరి పోలికో."

"మీ ఇంటి పోలికే."

జంపరు పట్టుకారుతో లాగి పదో నంబరుకు మార్చాడు. పాట మళ్ళీ అక్కడే ఆగింది. ప్రింటరు పీకేసి ఏడు ఇచ్చాడు. అక్కడే ఆగింది. పెట్టెలోని మరో పలకను కూడా పీకేసి మళ్ళీ ఐదుకు వచ్చాడు. మూడు స్వరాలు దిగి, నాలుగోదానికి ముందే నిశ్శబ్దం.

"ప్రతిసారీ ఒకేచోట ఆగుతోంది," అన్నాను. "నంబరు తప్పయితే ఒక్కోసారి ఒక్కోచోట ఆగాలిగా."

అతను పట్టుకారు బల్ల మీద పెట్టాడు.

"నిజమే బావా. అయితే నంబరు తప్పు కాదు. ఆ చోట ఫైలు పాడయి ఉండాలి. లేకపోతే…"

"లేకపోతే?"

"అక్క అంతవరకే రాసిందేమో."

ఫైలు పాడయిందనే నేను కోరుకున్నాను. అయిపోయిందన్నది ఆమె నాతో అన్న ఆఖరి మాటల్లో ఒకటి. పాట సగంలో ఉంటే, నన్ను ఊరడించడానికి అలా అన్నదన్నమాట. తనకు ఏం కానుందో తెలిసే చెప్పులు తొడుక్కుందన్నమాట. పాడయిన ఫైలుతో నేను బతకగలను.

"పాత కార్డు పెట్టు," అన్నాను.

"ఎందుకు? ఆ బుస భరించలేం."

"ఆమె ఎలా విన్నదో అలా విందాం. ఆ తర్వాత మూత బిగించేయి."

అతను తన కార్డు తీసేశాడు. పచ్చటి పలక దాని చోట్లోకి వెళ్ళింది. బుస మొదలయింది. ముందు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఎన్నో సాయంత్రాలు నేను విన్న చప్పుడది. స్వరమేమీ వినిపించకపోయినా బుస వినిపిస్తే ఆమె పనిలో ఉందని అర్థం. అలాంటప్పుడు నేను పలకరించేవాణ్ణి కాదు.

పాట పైకి వెళ్ళింది, దిగింది, అక్కడే ఆగింది. అతని వేలు రీసెట్ మీదికి వెళ్ళింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు."

"బావా, ఆ బుస స్పీకర్లోది. పెట్టె చచ్చినా వస్తూనే ఉంటుంది. దాన్ని నమ్ముకోకు."

"నమ్ముకోవడం లేదు. ఆగమంటున్నానంతే."

బడిలో ప్రశ్న అడిగాక తరగతి నిశ్శబ్దంగా ఉంటే కొత్త మాస్టర్లు భయపడి జవాబు తామే చెప్పేస్తారు. ఆ తొందర పోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇద్దరం బుస వింటూ కూర్చున్నాం. చెయ్యి వదిలించుకోవాలని అతను ఒకసారి చూసి, మానుకున్నాడు.

నాలుగో స్వరం వచ్చింది.

గ్లాసుది కాదు, గొళ్ళేనిదీ కాదు. ఆ రెండింటికంటే చాలా కింది స్థాయిలో, మేమిద్దరం ఎప్పుడూ వినని గొంతు. మొదట వచ్చిన పాటనే అది నెమ్మదిగా, ఒక్కో మెట్టు మీద నిలబడుతూ పాడింది. మిగిలిన గొంతులు ఒకటొకటిగా వచ్చి దాని పక్కన చేరాయి. చివరి స్వరం సన్నబడి పోయాక స్క్రీను మీద కర్సరు వెలిగి, ఆరి, వెలిగింది. ప్రోగ్రాం తన పని ముగించింది.

బావమరిది కళ్ళద్దాలు తీసి చొక్కాతో చాలాసేపు తుడిచాడు.

"పొద్దుట్నుంచీ రీసెట్ కొట్టి మనమే దాని పీక నొక్కుతున్నాం," అన్నాడు. "పోయి కూడా ఆదివారం పూట నాతో వెట్టిచాకిరీ చేయించింది మా అక్క."

"అయిపోయిందనే చెప్పింది," అన్నాను.

"ఆఁ. అయిపోయింది."

ఇంకోసారి విన్నాం. ఈసారి ఆగినచోట ఎవరం కదల్లేదు. తర్వాత అతను సంచీ సర్దుకుంటూ, "అమ్మను ఎప్పుడు తీసుకురమ్మంటావు?" అన్నాడు. మా అత్తగారు అతని దగ్గరే ఉంటుంది. కూతురు పోయాక ఈ ఇంటి గడప తొక్కలేదు.

"వస్తానంటే రేపే."

"వస్తుంది. కానీ పాట ఆగినప్పుడు అమ్మ ఏమనుకుంటుంది? మళ్ళీ వస్తుందని ముందే చెప్పేద్దామా?"

చెబితే ఆవిడకు ఆ కాసేపు తేలికగా గడుస్తుంది. చెప్పకపోతే కూతురు రాసినట్టే వింటుంది. ఏది మంచిదో నాకు తోచలేదు. అతను సంచీ భుజాన వేసుకున్నాడు. చూద్దాంలే అని వెళ్ళిపోయాడు.

అది తేలక అత్తగారికి పాట ఇంకా వినిపించలేదు.